తులిప్ దుంప: ఏడాది లెక్క, నాలుగు శతాబ్దాల కథ

తులిప్ పేరు చెప్పగానే చాలామందికి రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి, రంగు చీరలు ఆరేసినట్టుండే హాలండ్ పొలాలు. రెండోది, ఒక్కో దుంప కోసం జనం ఇళ్లు వాకిళ్లు అమ్ముకుని, చివరికి దేశమే దివాలా తీసిందన్న 1637 నాటి కథ. షేర్ మార్కెట్ పడినప్పుడల్లా, కొత్త డిజిటల్ కరెన్సీ ఏదైనా కుప్పకూలినప్పుడల్లా ఈ రెండో కథ మళ్లీ బయటికొస్తుంది. రంజుగా ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని నిలదీయరు.

ఒక్క చిన్న ప్రశ్న వేసి చూడండి. ఆ మార్కెట్ కూలింది ఫిబ్రవరి మొదటి వారంలో. ఫిబ్రవరిలో తులిప్ దుంప ఎక్కడుంటుంది? మంచు కింద, నేలలో ఉంటుంది. అమ్మినవాడు దాన్ని తవ్వి ఇవ్వలేడు, కొన్నవాడు కళ్లారా చూడలేడు. మరి డబ్బు ఎప్పుడు చేతులు మారింది? ఎవరు ఎంత పోగొట్టుకున్నారు? జవాబు వెతకాలంటే మార్కెట్ కంటే ముందు మొక్కను చూడాలి. తులిప్ చరిత్రలో వింతగా తోచే మలుపుల్లో చాలావరకు ఆ దుంప ఏడాది పొడవునా చేసే పనుల్లోంచి పుట్టినవే. ఇంటి తోటలో మొదటి ఏడు కళకళలాడిన తులిప్ రెండో ఏడు ఉత్త ఆకు వేసి ఎందుకు ఊరుకుంటుందో చెప్పేదీ ఆ లెక్కే.

మంచుకొండల అలవాటు

తులిప్ హాలండ్ మొక్క కాదు. దాని పుట్టిల్లు మధ్య ఆసియా. టియాన్‌షాన్, పామీర్ పర్వతాల వాలుల్లో, ఇవాళ్టి కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్ దేశాల్లో అడవి తులిప్‌లు ఇప్పటికీ ఎవరూ నాటకుండానే పూస్తాయి. అక్కడ శీతాకాలమంతా గడ్డకట్టే చలి. మంచు కరిగాక తడీ ఎండా కలిసి దొరికేది కొద్ది వారాలే. ఆపైన నెలల తరబడి బీటలు వారిన నేల. అలాంటి చోట బతకాలంటే మొక్క తన పనంతా ఆ కొద్ది వారాల్లోనే చక్కబెట్టుకోవాలి. తులిప్ సరిగ్గా అదే చేస్తుంది. మొలుస్తుంది, పూస్తుంది, గింజ కడుతుంది, ఎండలు ముదిరేలోపు ఆకుల్ని వదిలేసి నేలలో దాక్కుంటుంది.

బయటికి ఏమీ కనిపించని ఆ వేసవిలోనే లోపల పెద్ద పని జరుగుతుంది. దుంపలోని కండగల పొరల నడుమ మరుసటి వసంతంలో పూయాల్సిన పువ్వు తయారవుతుంది. శరదృతువులో ఒక మంచి దుంపను నిలువుగా కోసి భూతద్దంలో చూస్తే ఆరు రేకులు, ఆరు కేసరాలు, మధ్యలో అండాశయం బుల్లి రూపంలో కనిపిస్తాయి. అంటే మనం కొనే దుంపలో పువ్వు అప్పటికే ఉంది. దాన్ని చెడగొట్టకుండా పైకి రానివ్వడమే తోటమాలి చేయాల్సింది.

పైకి రావాలంటే మాత్రం చలి కావాలి. 2 నుంచి 9 డిగ్రీల సెల్సియస్ మధ్య 12 నుంచి 16 వారాలు గడిస్తే దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, కాడ సాగడానికి కావలసిన హార్మోన్లు పని మొదలుపెడతాయి. ఆ చలి చాలకపోతే కాడ సాగదు. పువ్వు ఆకుల మధ్యే నేలకు అంటుకుని విచ్చుకుంటుంది, లేదా మొగ్గలోనే మాడిపోతుంది.

చరిత్రకు కీలకమైన సంగతి మరొకటుంది. నాటిన దుంప ఆ ఏడాదితోనే అయిపోతుంది. తన నిల్వ మొత్తం పువ్వుకూ ఆకులకూ పెట్టి కరిగిపోతుంది. దాని చోట రెండు మూడు పిల్ల దుంపలు మిగులుతాయి. అవి తల్లికి అచ్చు నకళ్లు. గింజ వేసి పెంచుదామంటే పువ్వు చూడటానికి 5 నుంచి 7 ఏళ్లు ఆగాలి, ఆగినా అది తల్లి పోలికతో వస్తుందన్న భరోసా లేదు. కాబట్టి ఒక అందమైన రకం దొరికితే దాన్ని పెంచుకునే దారి పిల్ల దుంపలొక్కటే. ఎంత డబ్బు కుమ్మరించినా వచ్చే ఏటికి నాలుగు దుంపలు నలభై కావు.

బాబర్ లెక్కించిన పూలు, బస్బెక్ చూశానన్న పూలు

యూరప్ కంటే ఎన్నో శతాబ్దాల ముందే పర్షియన్ కవులు ఈ పువ్వును అమరప్రేమికుల నెత్తుటికి గుర్తుగా పాడుకున్నారు. మొఘల్ సామ్రాజ్యం స్థాపించిన బాబర్ తన ఆత్మకథలో కాబూల్ చుట్టుపక్కల కొండల్లోని లాలా పూల (పర్షియన్‌లో తులిప్ పేరు అదే) గురించి రాశాడు. ఓసారి లెక్కబెట్టిస్తే 32 లేదా 33 రకాలు తేలాయట. వాటిలో ఒకదానికి గులాబీ వాసన ఉందని కూడా గమనించాడు. (ఆ రోజుల్లో గసగసాల జాతి పూలను కూడా ఇదే పేరుతో పిలిచేవారు కనుక 33 రకాలూ తులిప్‌లే అని పట్టుబట్టనక్కర్లేదు.) ఒట్టోమన్ తుర్కులు దీన్ని కొండల నుంచి రాజోద్యానాలకు తెచ్చారు. ఇజ్నిక్ పింగాణీ పలకల మీద, పట్టు అంగీల మీద, మసీదు గోడల మీద 16వ శతాబ్దం నాటికే తులిప్ ఎక్కడ చూసినా ఉంది.

యూరప్‌కు దాన్ని తెచ్చిన ఘనత మామూలుగా ఓజియర్ గిస్లాన్ ద బస్బెక్‌కు కడతారు. ఒట్టోమన్ చక్రవర్తి సులేమాన్ దర్బారులో, వియన్నా నుంచి ఏలే హాబ్స్‌బర్గ్ రాజవంశం పంపిన రాయబారి ఆయన. కాన్‌స్టాంటినోపుల్‌కు (నేటి ఇస్తాంబుల్) వెళ్తూ దారిలో తులిప్‌లు పూసి ఉండగా చూశానని ఉత్తరంలో రాశాడు. చిక్కేమిటంటే ఆయన చెప్పిన కాలం నడి శీతాకాలం. ఆ రోజుల్లో తులిప్ పూయదు. ఉత్తరం అచ్చయింది కూడా ఆ ప్రయాణం జరిగిన పాతికేళ్ల తర్వాత, 1581లో. జ్ఞాపకాలకు తర్వాత మెరుగులు దిద్దాడనే అనుకోవాలి. గట్టిగా నిలిచే సాక్ష్యం స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త కాన్రాడ్ గెస్నర్‌ది. 1559 ఏప్రిల్‌లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఒకరి తోటలో పూసిన ఎర్ర తులిప్‌ను చూసి ఆయన వర్ణించాడు, బొమ్మ కూడా వేయించాడు. తర్వాత స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ తోట తులిప్‌కు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు గెస్నర్ పేరునే వాడుకున్నాడు.

1562లో ఆంట్‌వెర్ప్‌కు కాన్‌స్టాంటినోపుల్ నుంచి బట్టల మూటలతో పాటు కొన్ని దుంపలు వచ్చాయి. అందుకున్న వర్తకుడు వాటిని ఉల్లిగడ్డలనుకుని కొన్నిటిని కాల్చి నూనె, వెనిగర్‌తో తిని, మిగిలినవి క్యాబేజీ మడిలో పాతాడు. ఈ ఉదంతాన్ని రాసిపెట్టినవాడు వృక్షశాస్త్రవేత్త కరోలస్ క్లూసియస్. తులిప్ కథలో పెద్దపీట వేయాల్సిన మనిషి ఈయనే. వియన్నాలో చక్రవర్తి తోటలు చూసుకున్నాడు, యూరప్ అంతటా మిత్రులకు దుంపలు పంపాడు, 1593లో హాలండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ వృక్షోద్యానానికి వచ్చి చేరాడు. అక్కడ నాటిన తులిప్‌లు 1594 వసంతంలో పూశాయి. ఆయన తోటలో దుంపలు దొంగతనాలకు గురయ్యేవి కూడా. సముద్రతీరపు ఇసుక నేలలు, నీటిమట్టాన్ని అదుపులో పెట్టే కాలువలు, దీర్ఘమైన చల్లని వసంతం ఉన్న డచ్ గడ్డ మీద ఆ దుంపలకు తమ కొండల్లో కన్నా సుఖంగా గడిచింది.

అందమైన జబ్బు

క్లూసియస్ జాగ్రత్తగా గమనించిన విషయం ఒకటుంది. ఏళ్ల తరబడి ఒకే రంగులో పూసిన తులిప్ ఒక వసంతంలో ఉన్నట్టుండి మారిపోతుంది. తెల్లని లేదా పసుపుపచ్చని రేకుల మీద ఎరుపు, ఊదా జ్వాలలు ఎవరో సన్నని కుంచెతో గీసినట్టు వస్తాయి. అలా మారిన మొక్క క్రమంగా చిక్కిపోతుందని, చావబోయే ముందు యజమాని కళ్లకు పండగ చేస్తుందని ఆయన అప్పుడే రాశాడు. కారణం మాత్రం ఎవరికీ అంతుబట్టలేదు. పావురాల రెట్ట ఎరువు వేసినవారున్నారు, పాత గోడల సున్నం కలిపినవారున్నారు, ఎర్ర పువ్వు దుంపనూ తెల్ల పువ్వు దుంపనూ సగానికి కోసి రెండు ముక్కలూ కలిపి కట్టినవారూ ఉన్నారు.

ఈ చివరి పద్ధతి పిచ్చిదిగా కనిపిస్తుంది కానీ అప్పుడప్పుడూ ఫలించి ఉండాలి. ఎందుకో 1928లో తేలింది. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ ఉద్యాన పరిశోధన సంస్థలో డొరొతీ కేలీ చారల తులిప్ దుంప ముక్కను మామూలు దుంపకు అంటుగట్టి చూసింది. మామూలుదీ చారలు తెచ్చుకుంది. ఇది ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే వ్యాధి, వైరస్ పని. మొక్క నుంచి మొక్కకు దాన్ని మోసేది పేనుబంక. వైరస్ రేకుల పైపొరలో ఎరుపు, ఊదా వర్ణకాలు ఏర్పడే పనిని అక్కడక్కడా అడ్డుకుంటుంది. అడ్డుపడిన చోట కింది తెలుపో పసుపో బయటపడుతుంది. అదే వైరస్ దుంపనూ బలహీనపరుస్తుంది, దాంతో దుంప పిల్లలు తక్కువ పెడుతుంది.

దీన్ని పైన చెప్పిన లెక్కతో కలిపి చూడండి. మామూలు తులిప్పే నిదానంగా పెరుగుతుంది. అందరూ ఎగబడే చారల తులిప్ ఇంకా నిదానం. గింజ ద్వారా దాన్ని పొందలేం, ఎందుకంటే వైరస్ గింజలోకి పోదు. ఏ దుంపకు ఎప్పుడు చారలొస్తాయో చెప్పలేం. అన్నిటికంటే గొప్పదని పేరుపడ్డ సెంపర్ అగస్టస్, తెలుపు మీద నెత్తుటి ఎరుపు జ్వాలలున్న పువ్వు, 1620ల్లో పట్టుమని పన్నెండు దుంపలే ఉండేదని ఆ కాలపు రాతల్లో ఉంది. ధర వెయ్యి గిల్డర్ల దగ్గర పలికేది. నైపుణ్యమున్న చేతివృత్తివాడి ఏడాది సంపాదన 300 గిల్డర్ల చిల్లర ఉన్న రోజులవి. అరుదైన చిత్రపటానికి, వజ్రానికి ధర పలికే తర్కమే ఇక్కడా నడిచింది. ఇందులో పిచ్చి ఏమీ లేదు.

ఫిబ్రవరిలో కూలిన బేరం

దుంపలను తవ్వేది ఆకులు ఎండాక, జూన్‌లో. మళ్లీ నాటేది శరదృతువులో. మధ్యలో ఉన్న ఆ మూడు నాలుగు నెలలే వాటిని చేతికిచ్చి అమ్మగల కాలం. కొనేవాళ్లు పెరిగాక ఏడాదంతా బేరాలాడాలన్న తొందర వచ్చింది. నేలలో ఉన్న దుంపకు వచ్చే జూన్‌లో డబ్బు ఇస్తానని నోటు రాసుకోవడం మొదలైంది. ఖరీదైన దుంపలను నాటేటప్పటి తూకాన్ని బట్టి అమ్మేవారు. ఆ తూకానికి వాడిన ఆస్ అనే కొలత గ్రాములో ఇరవయ్యో వంతు. నేలలో దుంప బరువెక్కుతుంది, పిల్లలు పెడుతుంది. కాబట్టి శరదృతువులో కొన్న ధర కంటే వేసవిలో దాని విలువ పెరుగుతుందనుకోవడం అత్యాశ కాదు, వ్యవసాయపు లెక్కే.

1636 చివరికి వచ్చేసరికి నోట్లే చేతులు మారసాగాయి. హార్లెమ్ లాంటి ఊళ్లలో సారాకొట్టు వెనక గదుల్లో గుంపులుగా కూర్చుని బేరాలాడేవారు. బేరం కుదిరితే అక్కడికక్కడ చెల్లించేది మూడు గిల్డర్లకు మించని చిన్న రుసుము, అదీ తాగుడు ఖర్చుకు. మిగతాదంతా జూన్ మాట. ఈ దశలో చారల పూలే కాదు, బస్తాల లెక్కన దొరికే మామూలు రకాల ధరలు కూడా వారాల్లోనే ఎన్నో రెట్లయ్యాయి. పిచ్చి అనే మాట వాడాలనుకుంటే ఈ ముక్కకు వాడవచ్చు. అది సాగింది కూడా ఒక్క శీతాకాలమే.

1637 ఫిబ్రవరి 3న హార్లెమ్‌లో ఒక బేరానికి కొనేవారు ముందుకు రాలేదు. వెంటనే గాలి మారింది. వార్త ఇంకా చేరని ఆల్క్‌మార్‌లో రెండు రోజుల తర్వాత అనాథ పిల్లల కోసం వాళ్ల తండ్రి వౌటర్ వింకెల్ వదిలివెళ్లిన దుంపల వేలం జరిగింది. మొత్తం సుమారు 90,000 గిల్డర్లు పలికింది. ఒక్కో దుంప 4,000 గిల్డర్లు దాటిన సందర్భాలూ అందులో ఉన్నాయి. మనం చదివే భారీ అంకెల్లో చాలావరకు ఆ ఒక్క వేలం జాబితా నుంచి, దానిని అచ్చేసిన కరపత్రాల నుంచి వచ్చినవే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ధరలు కూలినప్పుడు దుంపలు నేలలో ఉన్నాయి, డబ్బు కొన్నవాళ్ల దగ్గరే ఉంది. పోయింది కాగితం మీది లాభం, పోయింది మాట మీద నమ్మకం. పెంపకందారుల ప్రతినిధులు ఆ నెలలోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమై, ధరలో 10 శాతం కట్టి ఒప్పందం రద్దు చేసుకోవచ్చని ప్రతిపాదించారు. దాన్ని అధికారులు అంగీకరించలేదు. గొడవలు ఏడాదికి పైగా నలిగాక, 1638 మేలో హార్లెమ్ నగరం 3.5 శాతం కట్టి విడిపోవచ్చని తేల్చింది. నష్టపోయినవారు లేరని కాదు. చిత్రకారుడు యాన్ వాన్ హోయెన్ కూలబోయే రోజుల్లోనే దుంపలు కొన్నాడు, 1656లో అప్పులతోనే చనిపోయాడు. కాకపోతే ఆయన భూముల వ్యాపారంలోనూ చేతులు కాల్చుకున్నాడు.

చరిత్రకారిణి ఆన్ గోల్డ్‌గార్ 2007లో వెలువడిన పరిశోధనలో డచ్ నగరాల పాత దస్త్రాలన్నీ గాలించింది. తులిప్ కోసం 300 గిల్డర్లకు మించి వెచ్చించినవారు ఆమెకు దొరికింది 37 మంది. కొన్నవాళ్లలో ఎక్కువమంది ఒకరికొకరు బంధువులో, ఇరుగుపొరుగో అయిన సంపన్న వర్తకులు, వృత్తిపనివాళ్లు. కాలువల్లో దూకి చచ్చిన జనం కనిపించలేదు, దేశ ఆర్థిక వ్యవస్థ కుంగిన జాడా లేదు. మరి ఆ భీకర కథ ఎక్కడిది? 1637లో అచ్చయిన వ్యంగ్య కరపత్రాల నుంచి. దురాశను ఎగతాళి చేయడానికి రాసిన వాటిని స్కాట్‌లాండ్ పాత్రికేయుడు చార్లెస్ మకే 1841లో జరిగిన చరిత్రగా తిరగరాశాడు. వర్తకుడి బల్ల మీది విలువైన దుంపను ఉల్లిగడ్డ అనుకుని నావికుడు చేపతో నంజుకు తిన్న కథ కూడా ఆయన చలవే. ఆర్థిక పాఠంగా ఇవాళ్టికీ చలామణీ అవుతున్నది మకే వెర్షనే. నన్నడిగితే ఆ ఏడాది నుంచి నేర్చుకోవాల్సింది జనం పిచ్చితనం గురించి కాదు, సరుకు కంటికి కనబడని కాలంలో నడిచే బేరం ఎంత సుళువుగా గాలిలోకి లేస్తుందో దాని గురించి.

కూలిన తర్వాత డచ్చివాళ్లు తులిప్‌ను వదిలేయలేదు, అది మరచిపోకూడదు. ఒట్టోమన్లకు వెర్రి ముదిరింది ఆ తర్వాతే. మూడో అహ్మద్ సుల్తాన్ కాలంలో, 1718 నుంచి 1730 దాకా సాగిన దశకు 20వ శతాబ్దపు చరిత్రకారులు తులిప్ యుగమని పేరు పెట్టారు. ప్రధాన వజీరు ఇబ్రహీం పాషా తోటల్లో రాత్రి విందులు జరిగేవి, తాబేళ్ల వీపు మీద కొవ్వొత్తులు పెట్టి పూల మధ్య వదిలేవారు. వారి అభిరుచి డచ్చివారికి పూర్తి భిన్నం. గుండ్రని కప్పులాంటి పువ్వు వారికి పనికిరాదు. రేకులు బాకుల్లా సన్నగా, కొన సూదిలా ఉండాలి. ధరలు చేయి దాటకుండా ప్రభుత్వమే రకరకాల దుంపలకు గరిష్ఠ ధరల పట్టికలు ప్రకటించింది, అంటే హార్లెమ్ నగర పెద్దలు చేయని పని ఇస్తాంబుల్ చేసింది. 1730లో పాత్రోనా హలీల్ తిరుగుబాటుతో పాషా ప్రాణం, సుల్తాన్ గద్దె రెండూ పోయాయి. ఆ బాకు రేకుల రకాలు కూడా తర్వాత అంతరించాయి. చిత్రాల్లో మాత్రమే మిగిలాయి.

పాత డచ్ రకాలకు అంత దుర్గతి పట్టలేదు. లిమ్మెన్‌లోని హోర్టస్ బల్బోరమ్ తోటలో 1595 నాటి డ్యూక్ వాన్ టోల్ రకం ఇప్పటికీ ఉంది. 1620 నాటి జోమర్‌స్కూన్ నేటికీ చారలతో పూస్తోంది. ఇంగ్లండ్‌లో 1836లో మొదలైన వేక్‌ఫీల్డ్ తులిప్ సంఘం చారల పూల పోటీలు నడుపుతూనే ఉంది. సెంపర్ అగస్టస్ మాత్రం లేదు, వైరస్ దాన్ని మిగల్చలేదు.

1944-45 శీతాకాలంలో జర్మన్ దిగ్బంధం వల్ల పశ్చిమ నెదర్లాండ్స్ ఆకలితో అల్లాడినప్పుడు జనం నిల్వ దుంపలను తిన్నారు. మధ్యలోని పచ్చని మొలకను తీసేయాలని వైద్యులు, అధికారులు ముందే హెచ్చరించారు. దుంపలో చర్మాన్నీ కడుపునూ ఇబ్బంది పెట్టే పదార్థాలున్నాయి. రోజూ దుంపలు ఏరే కార్మికుల వేళ్లకు దురద, పగుళ్లు వచ్చేది వాటివల్లే. పెంపుడు జంతువులున్న ఇంట్లో దుంపల సంచిని అందకుండా పెట్టాలి.

తోటలోకి

ఇంతవరకు చెప్పిన ఏడాది లెక్క తెలిస్తే పెంపకంలో సగం సూచనలు ఎవరూ చెప్పనక్కర్లేదు. చలికాలం, చిన్న వసంతం, పొడి వేసవి. ఈ మూడింట్లో మీ దగ్గర లేనిదాన్ని మీరు సమకూర్చాలి.

దుంప కొనేటప్పుడు చుట్టుకొలత 12 సెంటీమీటర్లకు తగ్గకుండా చూడండి. చేతిలో బరువుగా, గట్టిగా ఉండాలి. గోధుమరంగు పొట్టు కాస్త ఊడినా పర్వాలేదు, మెత్తబడినా బూజు పట్టినా వద్దు. చిన్న దుంప చవగ్గా వస్తుంది కానీ లోపల పువ్వు ఉండకపోవచ్చు. అప్పుడు వచ్చేది ఒకే ఒక వెడల్పాటి ఆకు.

చలి ప్రాంతాల్లో నాటడానికి తొందరపడకూడదు. నేల 10 నుంచి 13 డిగ్రీలకు చల్లబడ్డాక, శరదృతువు చివర్లో నాటాలి. నేల వెచ్చగా ఉండగా నాటితే శిలీంధ్ర తెగుళ్లకు దారి తీస్తుంది. లోతు 15 నుంచి 20 సెంటీమీటర్లు, కొన పైకి, దుంపకూ దుంపకూ మధ్య పది పన్నెండు సెంటీమీటర్లు. చాలామంది పైపైన నాటి ఊరుకుంటారు. లోతుగా నాటితే దుంప చిన్న పిల్లలుగా చీలిపోవడం తగ్గుతుంది, వేసవి వేడి తక్కువగా తగులుతుంది, ఎలుకలూ ఉడతలూ తవ్వుకుపోవడం కష్టమవుతుంది. నాటిన వెంటనే ఒకసారి బాగా నీళ్లు పెట్టాలి, వేర్లు శీతాకాలంలోనే ఏర్పడతాయి కనుక. తర్వాత మొలక కనిపించేదాకా నేల పూర్తిగా ఎండకుండా ఉంటే చాలు. నీరు నిలిచే నేల అయితే ఇసుక కలపండి లేదా ఎత్తు మడి వేయండి. బంకమట్టిలో నీరు నిలిస్తే దుంప కుళ్లడం ఖాయం. నేల మరీ ఆమ్లగుణంతో ఉండకూడదు. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి.

వెచ్చని ప్రాంతాల్లో శీతాకాలాన్ని ఫ్రిజ్‌లో తయారుచేసుకోవాలి. గాలి ఆడే కాగితం సంచిలో దుంపలు పెట్టి, 4-5 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 వారాలు ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు, కింది అరలో. అదే ఫ్రిజ్‌లో ఆపిల్, అరటి లాంటి మాగే పండ్లు ఉండకూడదు. వాటినుంచి వెలువడే ఇథిలీన్ వాయువు దుంప లోపలి బుల్లి పువ్వును చంపేస్తుంది. బయటికి దుంప నవనవలాడుతూనే ఉంటుంది, పువ్వు మాత్రం రాదు. ఫ్రిజ్‌లో తులిప్ విఫలమైందని వాపోయేవారు ముందుగా అనుమానించాల్సింది పండ్లనే. చలి గడువు తీరాక ఏడాదిలోకెల్లా చల్లని వారాల్లో, తీసిన రోజే నాటాలి. రెండు మూడు రోజులు వెచ్చని గదిలో వదిలితే పడ్డ శ్రమలో కొంత వృథా అవుతుంది. మొదలును ఆకుల కప్పుతో చల్లగా ఉంచండి, మధ్యాహ్నపు ఎండ తగలని చోటు చూడండి.

కుండీల్లో దుంపలను దగ్గర దగ్గరగా, ఒకదానికొకటి తగలకుండా నాటవచ్చు. దుంపకు ఒక పక్క చదునుగా ఉంటుంది. ఆ పక్కను కుండీ అంచువైపు తిప్పితే మొదటి పెద్ద ఆకు బయటికి వాలుతుంది, పూలు మధ్యలో నిలుస్తాయి.

పూశాక ఏం చేస్తామన్నదే రెండో ఏటిని నిర్ణయిస్తుంది. వాడిన పువ్వును కాడ పైభాగంలో తుంచేయాలి, లేకపోతే మొక్క బలమంతా గింజకు పోతుంది. ఆకులను మాత్రం ముట్టుకోకూడదు. అవి పసుపుబారి ఎండేదాకా ఆరు వారాల పాటు కొత్త దుంపకు తిండి పెట్టేది అవే. అందవికారంగా ఉన్నాయని ముడివేసినా, కోసినా రెండో ఏటి పువ్వును కోసినట్టే. డచ్ పొలాల్లో ఈ సూత్రాన్ని నిర్దాక్షిణ్యంగా పాటిస్తారు. పర్యాటకులు ఫోటోలు తీసుకున్న కొద్ది రోజులకే యంత్రాలు పూల తలలన్నీ కోసి పారేస్తాయి. అక్కడి రైతుకు కావలసింది పువ్వు కాదు, దుంప.

వేసవి పొడిగా ఉండే చోట దుంపల్ని నేలలోనే వదిలేయవచ్చు. వేసవిలో వానలు పడేచోట, లేదా అదే మడికి మీరు రోజూ నీళ్లు పెట్టేచోట, ఆకులు ఎండగానే తవ్వి, మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, గాలాడే జాలీ సంచిలో 18-20 డిగ్రీల దగ్గర నిల్వ చేయండి. కొత్త పువ్వు లోపల తయారయ్యేది ఆ వారాల్లోనే కాబట్టి ఈ దశలో ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ముందు వెచ్చదనం, తర్వాతే చలి. ఈ వరుస తప్పితే లోపల పువ్వే ఏర్పడదు.

ఆకులు కాలినట్టు మచ్చలు పడి వంకర తిరిగితే అది బొట్రైటిస్ శిలీంధ్రం. ఆ మొక్కలను దుంపతో సహా పెరికి నాశనం చేసి, అక్కడ మూడేళ్లు తులిప్ వేయకూడదు. ఇక ఒకే రంగు పువ్వు హఠాత్తుగా చారలు తొడిగితే సంబరపడకండి. అది పాత వైరసే, పక్కనున్న తులిప్‌లకూ లిల్లీలకూ పాకుతుంది. చారల అందం కావాలంటే ఇప్పుడు రెంబ్రాంట్ తరహా పేరుతో అమ్మే రకాలున్నాయి. వాటి చారలు జన్యువుల్లోంచి వచ్చినవి, వైరస్ వల్ల కాదు.

రెండో ఏడు కూడా పూయించాలన్న పట్టుదల ఉంటే రకాన్ని ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. చిలుక ముక్కు రేకులవి, అంచులు చీలినవి, ముద్దపూల రకాలు మహా అయితే ఒక్క ఏడు మెరుస్తాయి. డార్విన్ హైబ్రిడ్‌లు కాస్త నిలకడైనవి, వాటిలో మధ్య ఆసియా కొండల ఫోస్టెరియానా జాతి రక్తం ఉంది. అడవి జాతులు ఇంకా నమ్మకమైనవి. పసుపు తెలుపు నక్షత్రంలా పూసే టార్డా, ఎరుపు తెలుపు రేకుల క్లూసియానా, క్రీట్ దీవి నుంచి వచ్చిన సాక్సాటిలిస్ పొట్టిగా, చిన్న పూలతో ఉంటాయి కానీ వాటంతటవే గుంపులు కడతాయి. చివరి రెండింటికి చలి అవసరం కూడా తక్కువ, కాబట్టి వెచ్చని శీతాకాలం ఉన్నవారు ముందుగా ప్రయత్నించాల్సినవి అవే. ఫ్రిజ్ పద్ధతిలో పెంచిన పెద్ద పూల తులిప్‌లను మాత్రం ఒక్క ఏటి మొక్కలుగా చూడటమే నయం. వాటి పిల్ల దుంపలను దాచి, ఆకు మాత్రమే వేసే రెండు మూడేళ్లు ఓపిక పట్టి, ప్రతి ఏడూ చలి పెట్టే తీరిక ఎవరికో గాని ఉండదు.